బరువుపై మోపిన నేరము

శస్త్రచికిత్సాలయములందును, వైద్యవిద్యార్థులకు చెప్పు పాఠములందును, రోగుల బంధువులతో జరుగు సంభాషణలందును చిరకాలముగా పాతుకొనిపోయిన అభిప్రాయ మొకటి కలదు. మిక్కిలి స్థూలకాయులైన వారికి మత్తు ఇచ్చుట ప్రమాదకరమనియు, ఆ ప్రమాదమునకు మూలము వారి గొంతులోనికి ట్యూబు దిగకపోవుటయే యనియు, ట్యూబు దిగకపోవుటకు కారణము వారి బరువే యనియు, కావున బి.ఎం.ఐ. అను ఒక్క అంకెను చూచినంతనే రాబోవు కష్టమంతయు ముందుగా తెలిసిపోవుననియు ఈ అభిప్రాయముయొక్క సారాంశము. దీనిని పలుకువారు అజ్ఞానులు కారు. పెక్కురు అనుభవజ్ఞులు, రోగుల క్షేమమును మనసార కోరువారు. అయినను వారి మాటలలో మొదటిది మాత్రమే సత్యము, రెండవది అర్ధసత్యము, మూడవదానికి గల ఆధారము మిక్కిలి దుర్బలము, నాలుగవది ఆ దుర్బలాధారముపై కట్టిన అంచనా. ప్రమాదము నిజముగా ఉన్నది. కాని ఆ ప్రమాదము ట్యూబు దిగు దారి ఇరుకగుట కంటె, ట్యూబు దింపుటకు మిగులు కాలము తరిగిపోవుటలో ఎక్కువగా ఉన్నది. ఆ కాలమును ముందుగా సమకూర్చుట వైద్యుని చేతిలోని పని. బరువుపై నేరము మోపుటవలన ఈ పని మరుగున పడుచున్నదని నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

వైద్యేతరులకు సయితము విషయము స్పష్టపడుటకై కొంత వివరింపవలసి యున్నది. పూర్తి మత్తు ఇచ్చి ట్యూబు వేయునపుడు సాధారణముగా రోగి నిద్రించుటయే కాక, కండరములను సడలించు మందుచే అతని శ్వాసక్రియ సంపూర్ణముగా నిలిచిపోవును. ఆ క్షణము మొదలుకొని, గాలిగొట్టములో ట్యూబు నిలిచి యంత్రము ఊపిరి పోయుట ఆరంభించువరకు గల స్వల్పవ్యవధిలో రోగి బ్రదుకంతయు మత్తువైద్యుని చేతులలో నుండును. ముఖముపై మాస్కు బిగించి గాలి నందించుట, లారింగోస్కోపుతో నాలుకను పైకెత్తి స్వరతంత్రులను చూచుట, వాని నడుమనుండి ట్యూబును దింపుట, ఇవియన్నియు విఫలమైనపుడు మెడ ముందుభాగమును కోసి గాలిదారి తెరచుట – ఇవి నాలుగును వేర్వేరు పనులు. వీని కష్టములును వేర్వేరు. ఒకదాని కష్టమును సూచించు లక్షణము మరియొకదానిని సూచింపకపోవచ్చును. స్థూలకాయము వీనిలో దేనిని ఎంతమట్టుకు కష్టపరచుచున్నదో విడదీసి చూడక, నాలుగింటిని ఒకే మూటగా కట్టి ఒక్క అంకెపై మోపుటయే ఈ అభిప్రాయములోని మొదటి పొరపాటు.

ఆ అంకె పుట్టుపూర్వోత్తరములను కొంచెము తలచుకొనుట ఉచితము. బరువును ఎత్తుయొక్క వర్గముచే భాగించు పద్ధతిని 19వ శతాబ్దమున బెల్జియము దేశీయుడైన అడాల్ఫ్ కెట్లే అను గణాంకశాస్త్రవేత్త, జనసముదాయముల సగటు లక్షణములను వర్ణించుటకై కల్పించెను. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అను నేటి పేరును ప్రచారములోనికి తెచ్చినది 1972లో ఆన్సెల్ కీస్ ప్రకటించిన వ్యాసము. సముదాయముల కొరకు పుట్టిన ఈ కొలమానము, ఎదుట పరుండిన ఒక్క మనిషి గొంతును గూర్చి ఏమి చెప్పగలదు? కొవ్వు ఎంత కలదో ఉజ్జాయింపుగా చెప్పును. ఎచ్చట చేరినదో చెప్పదు. తొడలయందును పిరుదులయందును చేరిన కొవ్వు శ్వాసమార్గమునకు చేయు హాని స్వల్పము. మెడచుట్టును, నాలుక మొదటను, గొంతుయొక్క పక్కగోడలలోను, పొట్టలోపలను చేరినదే హానికరము. ఒకే ఎత్తు, ఒకే బరువు గల ఇరువురిలో ఒకరికి ట్యూబు అవలీలగా దిగుటయు, మరియొకరికి దిగక బాధించుటయు ఈ భేదమువలన కూడ సంభవించుచున్నది. భారతీయులలో తక్కువ బరువునందే కొవ్వు పొట్టచుట్టు చేరు స్వభావము కలదని అందరు నెరిగినదే. అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థయొక్క నిపుణులు ఆసియావాసులకు తక్కువ హద్దులను 2004లో సూచించిరి. ఒక్క అంకెను నమ్ముకొన్న వైద్యుడు, ఆ అంకె ఎక్కువగా నున్నవానిని చూచి అకారణముగా భయపడుటయే కాక, అంకె తక్కువగా నుండి మెడ దళసరియై రాత్రులు గురకతో ఉక్కిరిబిక్కిరియగువానిని చూచి అకారణముగా నిశ్చింతుడగును. ఈ రెండవ తప్పు మొదటిదానికంటె ప్రాణాంతకము.

ఇక సాక్ష్యములను పరిశీలింతము. 2002లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులు బ్రాడ్‌స్కీ ప్రభృతులు బి.ఎం.ఐ. 40కి మించిన 100 మంది రోగులను వరుసగా పరీక్షించి ఫలితములు ప్రకటించిరి. నూర్గురిలో 99 మందికి సాధారణ లారింగోస్కోపుతోనే ట్యూబు దిగినది. కష్టము కలిగిన కొలదిమందిలో సయితము ఆ కష్టమునకును బి.ఎం.ఐ.కిని సంబంధము కనబడలేదు; మెడచుట్టుకొలతకును, నోరు తెరచినపుడు కనబడు మల్లంపాటి తరగతికిని మాత్రమే సంబంధము కనబడినది. మెడచుట్టుకొలత 40 సెంటీమీటర్లున్నచో కష్టము కలుగు సంభావ్యత సుమారు 5 శాతమనియు, 60 సెంటీమీటర్లున్నచో 35 శాతమనియు వారు లెక్కగట్టిరి. ఆ నూర్గురిని చదునుగా పరుండబెట్టక, భుజములక్రింద దిండ్లను, తువాళ్లను పెట్టి తల ఎత్తి నిలిపిరన్న విషయమును కూడ మరువరాదు. దాని ప్రాముఖ్యము ముందు తెలియగలదు.

నూరు మంది చాలరన్నచో, డెన్మార్కు దేశపు మత్తువైద్య గణాంకములను చూడవచ్చును. 2009లో లుండ్‌స్ట్రోమ్ ప్రభృతులు 91,332 మంది రోగుల వివరములను పరిశీలించిరి. బి.ఎం.ఐ. 35 లేదా అంతకు మించినవారిలో ట్యూబు వేయుట కష్టమైనది 6.4 శాతము మందికి. మొత్తము రోగులలో 5.2 శాతము మందికి. భేదము లేకపోలేదు, కాని అది ఎంత స్వల్పమో గమనింపుడు. మరియొక వైపునుండి చూచినచో సంగతి ఇంకను స్పష్టపడును: ట్యూబు కష్టమైన ప్రతి నూర్గురిలో బి.ఎం.ఐ. 35కి చేరినవారు ఎనమండుగురైనను లేరు. అనగా ఈ అంకెనే కావలివానిగా నియమించుకొన్నవాడు, రాబోవు కష్టములలో నూటికి తొంబదికి పైగా తన కన్నుగప్పి పోవుట చూడవలసినదే.

ప్రతిపక్షులు ఈ చోట 2003లో ఫ్రాన్సు దేశమున జువాన్ ప్రభృతులు ప్రకటించిన అధ్యయనమును ముందుకు తెచ్చుట న్యాయమే. దానిలో స్థూలకాయులకు 15.5 శాతమందును, సన్ననివారికి 2.2 శాతమందును ట్యూబు వేయుట కష్టమైనదని తేలినది. ఈ సంఖ్యలను నేను దాచిపుచ్చను. కాని ఆ వ్యాసమునే తుదివరకు చదివినవారికి, స్థూలకాయులలో కష్టమును స్వతంత్రముగా సూచించిన ఒకే ఒక్క లక్షణము మల్లంపాటి మూడవ లేదా నాల్గవ తరగతి యనియు, ఆ లక్షణము సయితము పలుమారులు తప్పుడు హెచ్చరికయే యగుచున్నదనియు కూడ కనబడును. ట్యూబు వేయుచున్న సమయమున స్థూలకాయుల రక్తమునందు ఆక్సిజన్ మరింత పడిపోయిన సంగతిని కూడ ఆ రచయితలే వ్రాసిరి. తమ వాదమునకు బలమని ప్రతిపక్షులు తెచ్చు సాక్షి, జాగ్రత్తగా ప్రశ్నించినచో, మన వాదమునే సమర్థించుచున్నాడు.

మల్లంపాటి పేరు తెలుగువారికి పరాయిది కాదు. గుంటూరు సీమనుండి వెడలి అమెరికాలో బోస్టన్ నగరమున స్థిరపడిన మత్తువైద్యుడు మల్లంపాటి శేషగిరిరావుగారు 210 మంది రోగులను పరీక్షించి 1985లో ప్రకటించిన పరీక్ష అది. మరి రెండేండ్లకు శాంసూన్, యంగ్ అనువారు దానికి నాల్గవ తరగతిని చేర్చిరి. రోగిని కూర్చుండబెట్టి, నోరు బాగుగా తెరచి నాలుక చాపుమని, కొండనాలుకయు అంగుటి మెత్తని భాగమును ఎంతమట్టుకు కనబడుచున్నవో చూచుట – ఇంతే ఆ పరీక్ష. దీనికి యంత్రము అక్కరలేదు, ధనము అక్కరలేదు, తక్కెడ అక్కరలేదు. ఈ పరీక్షకు లోపములు లేకపోలేదు. ఒంటరిగా దానినే నమ్మరాదని పిమ్మట వచ్చిన పరిశోధనలెన్నో చెప్పినవి. అయినను అందులోని మూలసూత్రము చిరస్మరణీయము: గొంతు సంగతి తెలియవలెనన్నచో గొంతును చూడవలెను. దానికి తోడు మెడచుట్టు టేపు పట్టి కొలుచుట, మెడ వెనుకకు ఎంత వంగునో, క్రింది దవడ ముందుకు ఎంత వచ్చునో చూచుట, గురకను, నిద్రలో ఊపిరి ఆగి ఉలికిపడి లేచుటను గూర్చి ఇంటివారిని అడుగుట, పూర్వము మత్తు ఇచ్చినపుడు ఏమి జరిగినదో కాగితములలో వెదకుట – ఇవియన్నియు కలిసి అయిదు నిమిషముల పని. ఈ అయిదు నిమిషములు వెచ్చింపక కేసుషీటుపై బరువును చూచి తల పంకించుట పరీక్ష అనిపించుకొనదు.

ఇక ప్రమాదముయొక్క నిజమైన స్థానమునకు వత్తము. మనము ఊపిరి వదలిన పిదప సయితము ఊపిరితిత్తులలో కొంత గాలి మిగిలియుండును. శ్వాస నిలిచిన వేళ శరీరమునకు ఆక్సిజన్ నిచ్చు ముఖ్యమైన నిల్వ అదియే. స్థూలకాయుని వెల్లకిల పరుండబెట్టి మత్తు ఇచ్చినపుడు, పొట్టయొక్క భారము ఉదరవితానమును ఛాతిలోనికి నెట్టివేయును; ఛాతిగోడపై కొవ్వు దానికి తోడై ఊపిరితిత్తులను అదిమివేయును; వాని అడుగుభాగములు ముడుచుకొని మూసుకొనిపోవును. మిగిలిన నిల్వ అత్యల్పము. మరియొక ప్రక్క అంత దేహమును పోషించుటకు కావలసిన ఆక్సిజన్ ఎక్కువ. తొట్టి చిన్నది, తూము పెద్దది. నీరు త్వరగా అడుగంటుటలో వింత లేదు. ఎంత త్వరగానో 1991లో జెన్స్ ప్రభృతులు కొలిచి చూపిరి. స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించి, మత్తు ఇచ్చి, శ్వాస నిలిపి, రక్తమునందలి ఆక్సిజన్ 90 శాతమునకు దిగుటకు పట్టు కాలమును లెక్కింపగా, సాధారణ దేహులకు 364 సెకన్లు, మధ్యమ స్థూలకాయులకు 247 సెకన్లు, తీవ్ర స్థూలకాయులకు 163 సెకన్లు పట్టెను. ఆరు నిమిషములకు పైగా ఉండవలసిన గడువు మూడు నిమిషములకైనను చాలకున్నది.

ఈ లెక్కను మనసున నిలుపుకొని, శస్త్రచికిత్సా మందిరములో ఏమి జరుగునో ఊహింపుడు. అదే గొంతు, అదే నైపుణ్యము, మొదటి ప్రయత్నమున ట్యూబు దిగలేదు. ఇట్టిది ఎవరి చేతిలోనైనను జరుగును. సన్నని రోగి విషయమున వైద్యుడు ట్యూబు తీసి, మాస్కుతో నాలుగు ఊపిరులు పోసి, తల సవరించి, రెండవ ప్రయత్నమున నెమ్మదిగా పని ముగించును. ఎవరును దానిని కష్టమని జ్ఞాపకముంచుకొనరు. స్థూలకాయుని విషయమున అదే ప్రయత్నము ముగియకముందే పల్స్ ఆక్సీమీటరు ధ్వని క్రింది స్థాయికి దిగుట ఆరంభించును, చేతులు తొందరపడును, తొందరలో గొంతు గాయపడి రక్తము కారును, వాపు వచ్చును, మాస్కుతో గాలి పోవుటయు కష్టమగును. ఆదిలో సులభమైన దారి ఈ విధముగా చేతులార కష్టమై, పిదప ఆ కష్టము రోగి దేహమునకు అంటగట్టబడును. మాస్కుతో గాలి పోయుట స్థూలకాయులకు నిజముగా కష్టతరమని నేను ఒప్పుకొందును. 2000లో లాంజెరాన్ ప్రభృతులు ఫ్రాన్సునందు తేల్చిన అయిదు సూచకములలో – గడ్డము, పండ్లు లేకపోవుట, 55 ఏండ్లు దాటిన వయస్సు, గురక, బి.ఎం.ఐ. 26కి మించుట – చివరిది అదే. అయితే ఈ సత్యము సయితము మన మాటనే బలపరచుచున్నది. గాలి మరల నింపుట కష్టమైనచోట, ముందే నింపియుంచుట మరింత ముఖ్యము కాదా?

ముందే నింపుట ఎట్లు? దీనికి గొప్ప పరికరములు కావలెనను అపోహను విడువవలెను. ఆపరేషను టేబులుపై చదునుగా పరుండిన స్థూలకాయుని ప్రక్కనుండి చూడుడు: వక్షము గడ్డముకంటె ఎత్తుగా లేచియుండును, లారింగోస్కోపు పిడి ఛాతికి తగిలి, దాని కొన నోటిలోనికి పోనేరదు, తల వెనుకకు వాలి, మెడ రెండు మడతలనడుమ మాయమగును. ఇప్పుడు వీపు పైభాగముక్రింద, భుజములక్రింద, తలక్రింద మడచిన దుప్పట్లను మెట్లుమెట్లుగా పేర్చి, చెవిరంధ్రమును రొమ్ముఎముక పైనొక్కును నేలకు సమాంతరమైన ఒకే రేఖపైకి వచ్చువరకు ఎత్తుడు. గడ్డము ఛాతినుండి విడివడును. దవడ ముందుకు వచ్చును. దాగియున్న మెడ బయటపడును. పొట్ట క్రిందికి జారి ఉదరవితానము దిగును. మనిషి మారలేదు, బరువు ఒక్క తులమైనను తగ్గలేదు. కాని కొలది నిమిషముల క్రిందటి ‘కష్టమైన గొంతు’ చాలమట్టుకు మాయమైనది. ఇట్లు ఎత్తి పరుండబెట్టినచో స్వరతంత్రులు మెరుగుగా కనబడునని 2004లో కాలిన్స్ ప్రభృతులు 60 మంది తీవ్ర స్థూలకాయులలో నిరూపించిరి. 2005లో ఆస్ట్రేలియాయందు డిక్సన్ ప్రభృతులు తలవైపు 25 డిగ్రీలు ఎత్తి ఆక్సిజన్ పీల్పించినచో, గడువు సగటున 155 సెకన్లనుండి 201 సెకన్లకు పెరుగుచున్నదని చూపిరి. అదే సంవత్సరము గాండర్ ప్రభృతులు, ఆక్సిజన్‌ను కొంత పీడనముతో అందించినచో మరి ఒక నిమిషము లభించుచున్నదని కనుగొనిరి. 2010లో రామచంద్రన్ ప్రభృతులు, శ్వాస నిలిచిన సమయమునను ముక్కుద్వారా ఆక్సిజన్ ప్రవహింపజేసినచో నిమిషమున్నరకు పైగా గడువు పెరుగుచున్నదని నిరూపించిరి. ఈ మెలకువలను ఒకదానితో నొకటి చేర్చి ఆచరించినచో, ప్రకృతి తగ్గించిన కాలములో మంచి భాగమును మనము తిరిగి సంపాదింపవచ్చును. దుప్పట్లు లేని ఆసుపత్రి తెలుగునాట ఏ మండలములోనైనను కలదా? ముక్కుకు ఆక్సిజన్ గొట్టము పెట్టుటకు ఏ ధనరాశులు కావలెను?

ఇచ్చట ప్రత్యర్థులు తమ ప్రబలాస్త్రమును ప్రయోగింతురు. బ్రిటనులో రాయల్ కాలేజి ఆఫ్ అనెస్థటిస్ట్స్ వారును, డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ వారును కలిసి దేశమంతటను ఏడాది పొడుగునను జరిగిన శ్వాసమార్గ విపత్తులను సేకరించి 2011లో ప్రకటించిన నాల్గవ జాతీయ పరిశీలనలో, విపత్తులకు లోనైనవారిలో అయిదింట రెండు పాళ్లు స్థూలకాయులనియు, స్థూలకాయులకు ముప్పు రెండింతలు, తీవ్ర స్థూలకాయులకు నాలుగింతలు అనియు తేలినది గదా, ఇంతకంటె ఋజువేమి కావలెనని వారి ప్రశ్న. సంఖ్యలు నిజములే. కాని ఆ నివేదిక సంఖ్యలతో ఆగలేదు. ఒక్కొక్క విపత్తును నిపుణులు విచారించి, కారణములు వెదకిరి. ముందుగా పరీక్షింపకపోవుట, పరీక్షించినను దానికి తగిన ప్రణాళిక వేయకపోవుట, మొదటి ఉపాయము తప్పినచో రెండవది ఏమో నిశ్చయించుకొనకపోవుట, ఒకే పనిని మరల మరల చేయుట, ట్యూబు వేయవలసినచోట గొంతుపై నిలుచు మాస్కుతో సరిపెట్టుట – ఇవి వారికి కనబడిన కారణములు. మత్తు సందర్భపు విపత్తులలో శ్వాసమార్గ నిర్వహణము బాగుగా జరిగినదని వారు చెప్పగలిగినవి అయిదింట ఒక పాలునకు మించలేదు. స్థూలకాయులకు ముప్పు నాలుగింతలని చెప్పిన నివేదికయే, ఆ విపత్తులలో అధికభాగమున నిర్వహణలోపములు కలవని కూడ చెప్పుచున్నది. మొదటి వాక్యమును చదివి రెండవదానిని వదలుట న్యాయము కాదు. తప్పు చేసినచో క్షమింపని దేహము వేరు, తానే తప్పు చేసిన దేహము వేరు. స్థూలదేహము మొదటి జాతికి చెందినది.

మరికొందరు, “వాదమెందులకు? బి.ఎం.ఐ. ఒక హద్దు దాటినవారికందరికి మెలకువగా నుండగానే ఫైబరాప్టిక్ స్కోపుతో ట్యూబు వేసినచో సరి” అందురు. మెలకువలో ట్యూబు వేయుట ఉత్తమమైన ఉపాయమనుటలో సందేహము లేదు. రోగి తన ఊపిరిని తానే తీయుచుండుటచే, కాలము కరగిపోదు. నోరు తెరవలేనివానికి, గొంతులో కంతి గలవానికి, పూర్వము ట్యూబు దిగక ప్రాణము మీదికి వచ్చినవానికి అదియే శరణ్యము. ఇట్టి సందర్భములలో ఆ ఉపాయమును విడిచి మత్తు ఇచ్చుట తప్పని బ్రిటిషు నివేదికయు చెప్పినది. కాని గొంతును పరీక్షింపక, బరువు నొక్కదానిని బట్టి అందరికి దానిని విధించుట వేరు సంగతి. గొంతును మొద్దుబరచుట సరిగా కుదరనిచో అది రోగికి హింస. అభ్యాసము చాలని చేతులలో అది విఫలమగుటయు కలదు. అనవసరమైనచోట చేసి చేసి విసిగినవారు, అవసరమైనచోట దానిని ఎగవేయుటయు కలదు. నిర్ణయము గొంతునుబట్టి కావలెను, తక్కెడనుబట్టి కారాదు.

ఇంకొకవర్గమువారు వీడియో లారింగోస్కోపు వచ్చినది గనుక ఈ చర్చయే కాలము చెల్లినదందురు. 2001 ప్రాంతమున కెనడా శస్త్రవైద్యుడు జాన్ పేసీ ప్రవేశపెట్టిన గ్లైడ్‌స్కోపు మొదలుకొని ఈ పరికరములు చేసిన మేలు గొప్పది. స్థూలకాయుల విషయమున మొదటి ప్రయత్నమునకే దానిని చేపట్టుట మంచిదని నేనును తలంతును. అయినను అది చూపును ఇచ్చునే గాని ఊపిరిని ఈయదు. తెరమీద స్వరతంత్రులు స్పష్టముగా కనబడుచుండగా ట్యూబు కొన వంపు తిరుగక గోడకు తగిలి నిలిచిపోవు సందర్భములను మత్తువైద్యులందరు నెరుగుదురు. తెరవైపు చూపు నిలిపినవారికి ఆక్సిజన్ తగ్గుట చెవిని పడకపోవుటయు కద్దు. ఆల్ ఇండియా డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ వారు 2016లో ప్రకటించిన మార్గదర్శకములలో, ట్యూబు ప్రయత్నములు మూటికి మించరాదనియు, రక్తమునందలి ఆక్సిజన్ 95 శాతమునకు తగ్గకున్నపుడే తదుపరి ప్రయత్నము చేయవలెననియు, ముక్కుద్వారా ఆక్సిజన్ ఆపరాదనియు విధించిరి. ఈ విధులలోని వివేకమును గుర్తింపుడు: ఎంతసేపు ప్రయత్నింపవచ్చునో నిర్ణయించునది వైద్యుని పట్టుదల కాదు, రోగి ఆక్సిజన్. అన్ని దారులు మూసుకొన్ననాడు మెడపై కోయవలసిన చోటును సయితము – దళసరి మెడలో వ్రేలికి అందని చోటును – మత్తు ఇయ్యకముందే వెదకి, వీలున్నచో అల్ట్రాసౌండుతో చూచి, కలముతో గుర్తు పెట్టియుంచుట సన్నద్ధత అనిపించుకొనును.

ట్యూబు దిగినంతనే గండము గడచినదను భావము ఈ అభిప్రాయముయొక్క మరియొక దుష్ఫలము. బ్రిటిషు పరిశీలనలో విపత్తులలో ఇంచుమించు మూడింట ఒక పాలు, ట్యూబు తీయునపుడును ఆ పిమ్మట కోలుకొను గదిలోను జరిగినవి. మత్తు ఇంకను పూర్తిగా వీడని స్థూలకాయుడు, నిద్రలో గొంతు మూసుకొను వ్యాధి గలవాడు, నొప్పి తగ్గుటకు మార్ఫిన్ వంటి మందు ఈయబడినవాడు, వెల్లకిల పరుండబెట్టబడి, కనిపెట్టువారు లేక వార్డుకు పంపబడినచో, అతని ప్రాణమునకు హామీ ఎవరు? కండరముల సడలింపు పూర్తిగా పోయినదని యంత్రముతో తేల్చుకొని, రోగి పిలిచిన పలుకునంతటి మెలకువ వచ్చినపిదప, తల ఎత్తియుంచియే ట్యూబు తీయవలెను. నిద్రలో గొంతు మూసుకొనకుండ పీడనముతో గాలి నందించు సీపాప్ యంత్రమును ఇంటివద్ద వాడువాడైనచో దానిని వెంట తెప్పించి వెంటనే అమర్చవలెను. ఇక ఇంటెన్సివ్ కేర్ యూనిట్ సంగతి ఇంకను శోచనీయము. ఫ్రాన్సునందు డి జోంగ్ ప్రభృతులు 2015లో ప్రకటించినదానినిబట్టి, స్థూలకాయులకు ట్యూబు వేయుట ఆపరేషను థియేటరులో 8.2 శాతము మందికి, ఇంటెన్సివ్ కేర్‌లో 16.2 శాతము మందికి కష్టమైనది. ప్రాణముమీదికి తెచ్చు ఉపద్రవములు మాత్రము మొదటిచోట 1.9 శాతము, రెండవచోట 41.3 శాతము. రెండుచోట్లను స్థూలకాయులే. రెండవచోట రోగి జబ్బుతో మరింత నీరసించియుండుట నిజము. అయినను కష్టము రెండింతలే పెరుగగా విపత్తు ఇరువదింతలు పెరిగినదన్నచో, ఆ భేదమును బరువు వివరింపజాలదు. రోగియొక్క నిల్వలు, చుట్టునున్న సిద్ధత, సహాయము – ఇవియే వివరించును.

ఈ వాదమంతయు వైద్యుల అంతరంగ వివాదము మాత్రము కాదు; దీని భారము రోగి మోయుచున్నాడు. పిత్తాశయములో రాళ్లతో మెలికలు తిరుగుచున్న స్త్రీకి “బరువు తగ్గించుకొని రండి” అని చెప్పి పంపివేయుదురు. నొప్పితో అన్నమే తినలేనివారు వ్యాయామము చేసి ఎన్ని నెలలకు తగ్గుదురు, ఈలోపల ఆ రాయి ఏ ఉపద్రవము తెచ్చును అని ఆలోచింపరు. బరువు తగ్గుట ఆరోగ్యమునకు మేలు. సావకాశముగల శస్త్రచికిత్సకు ముందు దానికై ప్రయత్నించుట మంచిదే. కాని శస్త్రచికిత్స తప్పనివేళ అది సలహా అనిపించుకొనదు, తిరస్కారమనిపించుకొనును. థియేటరులో రోగి మెలకువతో నుండగానే అతని దేహమును గూర్చి పరస్పరము పలుకు మాటలు, నిట్టూర్పులు అతని చెవిని పడుచుండును. అట్టివాడు రాబోవు జబ్బులో ఆసుపత్రికి రాక ఆలస్యము చేయుటలో ఆశ్చర్యమేమి? విపత్తు జరిగిన పిమ్మట వ్రాయు కాగితములలో “రోగి స్థూలకాయుడగుటచే ట్యూబు వేయుట సాధ్యపడలేదు” అను వాక్యము ఒక్కటి వ్రాసినచో విచారణ ముగియును. ఎట్లు పరుండబెట్టితిరి, ఎంతసేపు ఆక్సిజన్ పీల్పించితిరి, ముక్కుకు గొట్టము ఉంచితిరా, రెండవ వైద్యుని ఎప్పుడు పిలిచితిరి, మందులను ఏ బరువును అనుసరించి ఇచ్చితిరి అను ప్రశ్నలు పుట్టనే పుట్టవు. ప్రశ్నలు పుట్టనిచోట పాఠమును పుట్టదు. అదే విపత్తు మరియొక రోగికి పునరావృత్తమగును.

కనుక నేను కోరునది ఇది. తీవ్ర స్థూలకాయునికి మత్తు ఇచ్చు ప్రతి సందర్భమున మెడచుట్టుకొలతయు, మల్లంపాటి తరగతియు, నిద్రలో ఊపిరి ఆగు లక్షణములును బి.ఎం.ఐ.తోపాటు కేసుషీటుపై ఉండవలెను. చెవిరంధ్రము రొమ్ముఎముక నొక్కునకు సమముగా వచ్చువరకు మత్తుమందు సిరంజిని ఎవరును ముట్టరాదు. రోగి వదలు ఊపిరిలోని ఆక్సిజన్ చాలినంతకు చేరినదని యంత్రము చూపువరకు శ్వాసను నిలుపరాదు. మొదటి ఉపాయము, రెండవది, మూడవది, కడపటిది థియేటరులోనున్న నర్సుకును టెక్నీషియనుకును వినబడునట్లు ముందుగనే బిగ్గరగా చెప్పుకొనవలెను. అనుభవముగల రెండవ మత్తువైద్యుడు ఆపద వచ్చినపిమ్మట కాక, ఆరంభముననే ప్రక్కనుండవలెను. ఇవియన్నియు చేసినను ట్యూబు దిగని దేహములు కొన్ని ఉండును. వానిని గూర్చి నిజాయితీతో కష్టమని వ్రాసుకొందము. ఇవి చేయక జరిగిన విపత్తు కాగితములో “రోగి స్థూలకాయుడు” అని కారణము వ్రాయుటకు మాత్రము ఏ వైద్యునికిని అధికారము లేదు. ఆ గడిలో వ్రాయవలసినది మనము చేయనిదానిని. ఏలయన రోగి తన బరువును ఆ ఉదయమున మార్చుకొనజాలడు, మనము మన సన్నాహమును మార్చుకొనగలము.